పసుపు పేజీ మీద ఒకటో నంబరు

నేను ఒక నంబరింగు మెషీనుని. ప్రభుత్వ ఆఫీసుల్లో కాగితాల మీద వరస నంబర్లు వేసే ఇనప ముక్కని. పైన గుండ్రటి నల్ల పిడి, లోపల తిరిగే అంకెల చక్రాలు, వాటికి సిరా తడి. పిడి మీద ఒక్క దెబ్బ వేస్తే ఒక నంబరు పడుతుంది. మరో దెబ్బకు తరవాతి నంబరు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. లెక్క తప్పడమంటే నాకు తెలియదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, కోపంతో చెబుతున్నాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. మొదట ఒక ప్రెస్సులో సినిమా టిక్కెట్ల మీద నంబర్లు కొట్టాను. ప్రెస్సు మూతపడ్డాక స్టేషనరీ కొట్టువాడు నన్ను కొని, కిరసనాయిలుతో కడిగి, కొత్తదాన్నని చెప్పి ఒక జిల్లా ఆఫీసుకు అమ్మేశాడు. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం నేను అభ్యంతరం చెప్పలేదు. ఆడదాని వయసూ మెషీను వయసూ అడగకూడదంటారు కదా అని ఊరుకున్నాను.

ఆ ఆఫీసులో టెండర్ల సూపరింటెండెంటు భానోజీరావు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. జిల్లా ఆసుపత్రిలో రోగులకు భోజనం వండిపెట్టే పనికి ఒకసారి టెండరు పిలిచారు. అంతకుముందు ఎవరో తలగడంత ప్రతిపాదన తెచ్చి కమిటీని నిద్రపుచ్చారట. అందుకని ఈసారి నలభై పేజీలు మించకూడదని రూలు పెట్టారు. మించినవి చింపేస్తారు, చదవరు. అట్ట, విషయసూచిక లెక్కలోకి వస్తాయో రావో రూలులో రాయలేదు. రాయనిదంతా భానోజీరావు సొంత ఆస్తి.

మంగతాయారు ఒక మహిళా సంఘానికి పెద్ద. బడిపిల్లలకు వండిపెట్టే ఆడవాళ్ళ సంఘం అది. ఆసుపత్రి పని వస్తే ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుందని, సెలవుల్లో కూలికి పోనక్కర్లేదని వాళ్ళ ఆశ. అందరూ కూర్చుని రాయించిన ప్రతిపాదన సరిగ్గా నలభై పేజీలు. దాని మీద అట్ట, సూచిక. అన్నిటికీ పైన ఒక తెల్లకాగితం. దాని మధ్యలో ‘శ్రీ’, నాలుగు మూలలా పసుపు. మంచి పని మొదలుపెడుతూ పసుపు పెట్టకుండా కాగితం ఎలా ఇస్తారు మరి?

టెండరు వేసినవాళ్ళందరి ముందూ కట్ట విప్పాడు భానోజీరావు. నన్ను ఎత్తి ఆ పసుపు కాగితం మీద ఠక్కున కొట్టాడు. ఒకటి పడింది.

“అయ్యో, అది పేజీ కాదండి బాబూ, పసుపండి!” అంది మంగతాయారు.

“కాగితమైతే పేజీయేనమ్మా. మెషీను అబద్ధం చెప్పదు.”

“మా అమ్మాయి శుభలేఖకీ పసుపు రాశామండి. ఆ పసుపుని చదవమని ఎవరూ అడగలేదండి.”

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. అట్ట రెండు, సూచిక మూడు. అలా కొట్టుకుంటూ నలభై మూడు దాకా పోయాడు. చివరి మూడింటికీ స్కేలు ఆనించి చర్రున చింపాడు. బాలింతకు ఏం పెడతారు, బీపీ ఉన్నవాళ్ళకు ఉప్పు లేకుండా కూర ఎలా చేస్తారు, వేడి చల్లారకుండా వార్డుకు ఎలా చేరుస్తారు అన్నదంతా ఆ మూడింట్లోనే ఉంది. వడ్డించేది ఆఖరునే కదా అని వాళ్ళు ఆఖరున పెట్టుకున్నారు. ఎక్కువ మార్కులు వాటికే.

అందరికన్నా ఆఖరున సత్తిరాజు కట్ట. ఆసుపత్రిలో నీళ్ళ సాంబారు పోస్తున్న పాత కాంట్రాక్టరు ఇతనే. కాగితాలు నలభై ఆరు. భానోజీరావు భోజనాల వేళయిందని అందరినీ వరండాలోకి పంపాడు. నా పక్కన ఒక చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని రెండు మీదికి తిప్పితే ఒక్కో నంబరు రెండేసి సార్లు పడుతుంది. అసలుకూ నకలుకూ ఒకే నంబరు వేయడానికి పెట్టిన ఏర్పాటు అది. కట్ట చివరికి వచ్చాక అతను ఆ ముల్లు తిప్పాడు. నలభై ఆరు కాగితాలు నలభై దగ్గర ఆగిపోయాయి. నా నోటితోనే నా చేత అబద్ధం చెప్పించాడు.

పని సత్తిరాజుకే పోయింది. మంగతాయారు ఊరుకోలేదు. సమాచార హక్కు కింద అతని కట్ట నకలు తీయించి, జంట నంబర్లు చూసి ఫిర్యాదు పెట్టింది. అప్పుడు ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? “మెషీను పాతదైపోయిందండి, చక్రం పట్టేసింది” అన్నాడు. అని ఊరుకోకుండా నన్ను తుక్కు పెట్టెలోకి విసిరికొట్టాడు. నా పిడి అంచు పగిలింది. ఆ పెట్టెలో పడి ఉన్నన్నాళ్ళూ అతనికి నా ఉసురు తగలాలని తప్ప మరో ఆలోచన నాకు లేదు.

విచారణకు జాయింట్ డైరెక్టరు నసీమా బేగం వచ్చింది. నన్ను పెట్టెలోంచి తీయించి బల్ల మీద పెట్టింది. సంజాయిషీ పది పేజీలు మించకూడదని ఆమె ముందే నోటీసిచ్చింది. భానోజీరావు తెచ్చినవి పన్నెండు.

“మేడమ్, అట్టా సూచికా తీసేస్తే పదేనండి” అన్నాడు.

“ఆ లెక్క ఈ ఆఫీసులో లేదనుకున్నానే” అంటూ ఆమె అతని స్కేలే అందుకుంది.

చింపు తల్లీ, చింపు! నా చక్రాలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ చప్పుడు కోసమే కదా నేను బతికున్నది.

“చింపకండమ్మా” అంది వెనక నుంచి మంగతాయారు. “మావి చదవకుండానే చింపేశారండి. ఆ బాధేంటో మాకు తెలుసు. ఈయన చెప్పుకునేదేదో మొత్తం చదివించండి.”

నాకు ఆమె మీద ఒళ్ళు మండిపోయింది. కానీ ఆఖరి పేజీల్లో ఉన్నది నా మీద వేసిన నిందే. అది పైకి చదివారు.

“అయితే మీరే కొట్టి చూపించండి” అంది నసీమా బేగం.

కొట్టాడు. ఏడు, ఏడు. ఎనిమిది, ఎనిమిది.

“చూశారాండీ! పట్టేసింది!” అతని మొహం వెలిగిపోయింది.

“పట్టేస్తే ఏడు దగ్గరే ఉండిపోవాలి కదా, ఎనిమిది ఎలా వచ్చింది?” ఆమె నన్ను పక్కకు తిప్పి ముల్లు చూసింది. ఆ రోజు తిప్పిన ముల్లు మళ్ళీ వెనక్కి తిప్పడం అతను మరిచిపోయాడు. ఆమె దాన్ని ఒకటి మీద పెట్టి కొట్టింది. తొమ్మిది, పది, పదకొండు. జన్మలో ఎప్పుడూ అంత స్పష్టంగా పడలేదు నా అంకెలు. “ఈ ముల్లు తనంతట తానే తిరుగుతుందా?” అని అడిగింది. భానోజీరావు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఆ పేజీలు చింపేసి ఉంటే తన మాట వినలేదని అతను కోర్టుకెక్కేవాడు. మంగతాయారు వల్లే దొరికిపోయాడు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ చర్రుమనే చప్పుడు వినాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

టెండరు మళ్ళీ పిలిచారు. అట్ట, సూచిక, పసుపు పేజీ లెక్కలోకి రావని ఈసారి రాశారు. ఆసుపత్రి వంటిల్లు ఇప్పుడు సంఘానిది. భానోజీరావును రికార్డు గదికి పంపారు. పాత ఫైళ్ళన్నిటికీ పేజీ నంబర్లు వేయాలని ఉత్తర్వు. నంబర్లు వేయాలంటే నేను కావాలి కదా, నన్నూ అతనితోనే పంపారు.

అతను పగలగొట్టిన నా పిడి అంచు సరిగ్గా అతని బొటనవేలి కింద దిగుతుంది. గుడ్డ చుట్టుకుంటాడు, జారిపోతుంది. పాపం అనుకోవచ్చు కదా అంటారేమో. అనుకోను. ప్రతి ఫైలుకూ నన్ను మళ్ళీ ఒకటికి తిప్పుతాడు. నా ఒకటి అంకె సందులో ఆనాటి పసుపు ఇంకా ఉంది. అది కనిపించినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, కళ్ళు పక్కకు తిప్పుకుని కొడతాడు.

కొట్టు భానోజీరావూ, కొట్టు. గోడ దాకా అల్మరాలే.