కదలకుండా తాగిన పెట్రోలు

పెట్రోలు ధర ఒక్క చలికాలంలో కొండెక్కి కూర్చున్న ఏడాది అది. తిరువూరులో ఉన్న నాలుగు కార్లలో మూడు షెడ్లలో ముసుగుతన్ని పడుకున్నాయి. నాలుగోది వీరరాఘవయ్యగారి నల్ల అంబాసిడరు. పాపం, దానికి పడుకునే యోగం లేదు. రెడ్డిగూడెం మామిడితోట మీద దాయాదులు వేసిన దావా బెజవాడ కోర్టులో నడుస్తోంది. వారానికొకసారైనా అది బెజవాడ వెళ్ళి రావలసిందే.

ఆ కారు నడిపేది ప్రభుదాసు. పదకొండేళ్ళుగా అతనే. బండి పనిలో అతనికి కొన్ని పట్టింపులున్నాయి. బయల్దేరే ముందు నాలుగు చక్రాల్లోనూ గాలి చూడందే తాళం తిప్పడు. మామిడిబుట్టలు లేని రోజున పైన క్యారియరు ఉంచడు, అది గాలికి అడ్డం పడి బండిని వెనక్కి లాగుతుందని. మైలవరం దాటి రోడ్డు సాఫీగా ఉన్నా అరవై మీద ముల్లు కదలనివ్వడు. ఫర్లాంగు దూరంలో ఎడ్లబండి కనిపిస్తే అక్కడే కాలు తీసేస్తాడు. దగ్గరదాకా ఉరికి బ్రేకు తొక్కడమంటే కొన్న పెట్రోలును రోడ్డు మీద పారబోసుకోవడమేనని అతని వాదన. తిరువూరులో మిగతా డ్రైవర్లు, ప్రభుదాసు బండి నడపడు, బుజ్జగిస్తాడని నవ్వుకునేవారు. కానీ వాళ్ళ బండ్లు లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు పోతే, అదే రకం బండి ఇతని చేతిలో పదకొండు పోయేది. అది అందరికీ తెలిసిన సంగతే.

అలాంటి బండి ఏడాదిగా తొమ్మిదిన్నరకి పడిపోయింది.

ధర తక్కువగా ఉన్నన్నాళ్ళూ వీరరాఘవయ్య పట్టించుకోలేదు. ధర పెరిగాక కళ్ళు తెరుచుకున్నాయి. తెరుచుకున్న కళ్ళకి ముందు కనపడింది డ్రైవరే. రైసుమిల్లు దగ్గర ఎవరో చెప్పారు, డ్రైవర్లు రబ్బరు గొట్టం పెట్టి లాగి అమ్ముకుంటున్నారని. ఎవరన్నారో, ఎవర్నన్నారో ఆయన అడగలేదు. మర్నాడే టాంకీ మూతకి ఒక గొళ్ళెం అతికించి తాళం వేయించాడు. తాళంచెవి భార్య హనుమాయమ్మగారి బొడ్లో ఉండే గుత్తిలోకి చేరింది.

ప్రభుదాసు రోజూ బండి తుడిచేవాడు. ఆ తాళం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. దాన్ని మాత్రం తుడిచేవాడు కాదు. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో అతన్ని దొంగ అని ఎవరూ అనలేదు. ఇప్పుడూ అనలేదు. అనకుండానే ఊరందరికీ కనిపించేలా ఇత్తడి తాళం వేలాడదీశారు. అతనికి అన్నం సయించేది కాదు.

పెట్రోలు ఎటుపోతోందో అతనికి తెలియదా అంటే, తెలుసు. తెలిసీ చెప్పలేకపోవడమే అతని అవస్థ.

ఏడాది కిందట ఒక వాయిదా రోజున ఇద్దరు ముత్తైదువలు నీళ్ళబిందెలతో ఎదురొచ్చారు. ఇంతకంటే మంచి శకునం ఉండదని హనుమాయమ్మగారు సంబరపడింది. తీరా చూస్తే బండి స్టార్టు కాలేదు. హ్యాండిలు తిప్పి తిప్పి బయల్దేరేసరికి ఎదురుగా కట్టెలమోపు వచ్చింది. ఆ రోజు కోర్టులో వ్యవహారం అడ్డం తిరిగింది. అప్పటినుంచీ ఆవిడ కొత్త కట్టడి పెట్టింది: ముందు ఇంజను స్టార్టు చెయ్యాలి, తర్వాత శకునం చూడాలి, స్టార్టయిన బండిని ఆపకూడదు. ఒకసారి అరగంట, ఒకసారి గంట, మంచి ఎదురు వచ్చేదాకా బండి వాకిట్లో గుడగుడలాడుతూ నిలబడే పెట్రోలు తాగేది. వీరరాఘవయ్య వెనక సీట్లో కూర్చుని దావా కాగితాలు తిరగేసుకునేవాడు.

ఇందులో ఇంకో ముడి ఉంది. కోర్టు రోజుల్లో ప్రభుదాసు మధ్యాహ్నం ఇంటికి రాడు గనక, అతని భార్య సామ్రాజ్యం పొద్దున్నే అన్నం వండి క్యారియరు తెచ్చి ఇచ్చేది. పేటలో చర్చి పక్క ఇంటినుంచి ఆ వీధి వెంట నేరుగా బండికి ఎదురుగానే వచ్చేది. వాళ్ళు బొట్టు పెట్టుకోరు. హనుమాయమ్మగారు ఆ బోసి నుదురు చూసి మొహం పక్కకి తిప్పుకుని, “కాసేపాగండి” అనేది. అంతకంటే ఒక్క మాట అనేది కాదు. మళ్ళీ మొదటినుంచీ శకునం కోసం చూపులు.

నిజానికి ఆవిడ చెడ్డది కాదు. సామ్రాజ్యానికి టైఫాయిడు వచ్చినప్పుడు నెల్లాళ్ళు పాలు పంపింది. చూడగా చూడగా అలవాటైన చూపు అది, అంతే. క్యారియరు తేవద్దని ప్రభుదాసు పెళ్ళాంతో చెప్పొచ్చు. చెబితే ఎందుకని అడుగుతుంది. నీ మొహం ఎదురొస్తే అపశకునమట అని, మొగుడి కోసం తెల్లారకముందే లేచి అన్నం వండి తెచ్చే మనిషితో ఎలా అంటాడు? అమ్మగారితో అనలేడు, ఆలితో అనలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొంగపేరు మోయడమే మేలనిపించింది అతనికి.

తాళం వేసినా లెక్క కుదరకపోయేసరికి వీరరాఘవయ్య ఒక పరీక్ష పెట్టాడు. వాయిదాకి ముందురోజు సాయంత్రం టాంకీలో పెట్రోలంతా తీయించి, తనే దగ్గరుండి పద్నాలుగు లీటర్లు కొలిచి పోయించాడు. బెజవాడ వెళ్ళి రావడానికి నూట యాభై కిలోమీటర్లు, పాతలెక్కన అది సరిపోవాలి. మిగిలింది డబ్బాలో పోసి డిక్కీలో పెట్టించాడు. మూతకి తాళం వేసి, చెవి భార్యకిచ్చి, ప్రభుదాసు వంక చూడకుండా చెప్పాడు.

“రేపు గనక తగ్గిందంటే, ఎల్లుండినుంచి నువ్వు ఈ బండి ముట్టుకోవద్దు.”

మర్నాడు పొద్దున బండి స్టార్టయింది. మొదట పిల్లి అడ్డమొచ్చింది. తర్వాత సామ్రాజ్యం క్యారియరుతో వచ్చింది. “కాసేపాగండి” అంది హనుమాయమ్మగారు. గంట దాటాక చెరుకుగడలేసుకున్న బండి ఒకటి ఎదురొచ్చి, అందరినీ గట్టెక్కించింది. అప్పటికే రెండు లీటర్లు ఆవిరైపోయాయని ప్రభుదాసుకి తెలుసు.

ఆ రోజు అతను నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. ముల్లు యాభై దాటనివ్వలేదు. ఎక్కడ కాలు తియ్యాలో, ఏ పల్లంలో బండిని దాని దారిన పోనివ్వాలో వెతుక్కుంటూ నడిపాడు. బ్రేకు మీద కాలు వేసినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండేది. గంటసేపు ఏరి ఏరి తెచ్చిన శకునానికి కోర్టులో దక్కింది ఇంకో వాయిదా. తిరుగుదారిలో ఎ.కొండూరు దగ్గర, ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వీరరాఘవయ్య దిగి, డిక్కీ తీసి, డబ్బా బయట పెట్టాడు. మూత దగ్గరికి వెళ్ళి తాళం పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, చెవి తిరువూరులో భార్య బొడ్లో ఉందని. చేతిలో పెట్రోలు, ఎదురుగా టాంకీ, మధ్యలో తను వేయించిన తాళమే. వెళ్ళి తెమ్మని చేత్తో సైగ చేశాడు. ప్రభుదాసు నాలుగింటి బస్సెక్కాడు.

హనుమాయమ్మగారు వాకిట్లోనే ఉంది. ఒక్కడే రావడం చూసి కంగారుపడి, అయ్యగారేరని అడిగింది. పెట్రోలు అయిపోయిందనీ, చెవి కోసం వచ్చాననీ చెప్పాడు. ఆవిడ గుత్తి తీసింది గానీ వెంటనే ఇవ్వలేదు.

“తాళం వేసే ఉంది. చెవి నా దగ్గరే ఉంది. మరి ఎట్లా పోయింది ప్రభుదాసూ?”

ఆవిడ నిలదీసినట్టు అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఆ గొంతుకే అతని గట్టు తెగింది.

“ఎవరూ తియ్యలేదండి. పొద్దున ఈ వాకిట్లోనే తాగిందండి. కదలకుండా తాగింది కూడా తాగినట్టే కదండి.”

ఆవిడ గేటు వంక చూసింది. పొద్దున బండి నిలబడ్డచోట నేలమీద నల్లటి పొగమసి ఉంది.

“ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“చెబితే మీ నమ్మకాన్ని తప్పుపట్టినట్టవుద్దండి. పైగా...” అతను తలొంచుకున్నాడు. “ఎదురొచ్చేది మా ఇంటిదేనండి. ఎందుకు ఆపుతున్నారో దానికి తెలవదు. తెలియనీకండమ్మా.”

హనుమాయమ్మగారు అరుగు మీద కూలబడింది. చాలాసేపు చేతిలో గుత్తి అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఆ చిన్న చెవిని రింగులోంచి తప్పించి, అతని చేతిలో పెట్టింది. మళ్ళీ తనకి తెచ్చివ్వొద్దని చెప్పింది.

అతను తిరిగి వెళ్ళేసరికి వీరరాఘవయ్య రోడ్డుపక్కన చెట్టుకింద కూర్చుని ఉన్నాడు. రెండుగంటలు ఒంటరిగా కూర్చుంటే ఎవరికైనా ఆలోచన వస్తుంది. పొద్దున వాకిట్లో ఇంజను గంటకు పైగా ఆడుతూనే ఉందని ఆయనకి తట్టింది. ప్రభుదాసు తాళం తీస్తుంటే, పొద్దున బండి ఆగున్నంతసేపూ నేనూ అందులోనే కూర్చున్నాను గదరా, అని మాత్రం అన్నాడు. ఆయన క్షమాపణ అంతే. ఇల్లు చేరేలోపల తాళాన్ని దారిపక్క చేలోకి విసిరేశాడు.

ఆ తర్వాతి వాయిదా రోజున ప్రభుదాసు బండి తుడిచి, టాంకీ మూత కూడా మెరిసేట్టు తుడిచి సీట్లో కూర్చున్నాడు. స్టార్టు చెయ్యబోతుంటే హనుమాయమ్మగారు వద్దని చెయ్యూపింది. ఇంజను ఆగే ఉంది. వీధి చివర సామ్రాజ్యం క్యారియరు పట్టుకుని మలుపు తిరిగింది. అలవాటు చొప్పున ప్రభుదాసు, అమ్మగారు మొహం ఎటు తిప్పుకుంటుందోనని అటు చూశాడు.

ఆవిడ ఎటూ తిప్పుకోలేదు. సామ్రాజ్యం గేటుదాకా వచ్చేవరకూ ఆ నుదుటివంకే చూస్తూ నిలబడింది.

“ఎదురొచ్చింది,” అంది. “ఇంక పోనీ.”

అతను తాళం తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.