మూడు కుండల తల్లికి అభిషేకం

బావినీళ్లు తాగి మా పాపకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటున్నాయి. యుద్ధం పుణ్యమా అని ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చే పింగాణీ ఫిల్టర్లు దొరకడం లేదు. అందుకని నేనే ఒకదాని మీద ఒకటి మూడు కుండలు పెట్టాను. పై రెండింటికీ అడుగున చిల్లులు పొడిచి, ఒకదాంట్లో స్వర్ణముఖి ఏటి ఇసుక, రెండోదాంట్లో బొగ్గులు వేశాను. ఎత్తి కడుక్కోవడం సులువని రెంటినీ గుడ్డసంచుల్లో కట్టాను. కిందికుండలోకి తేటనీళ్లు దిగాయి. కాలేజీ చదువు మొదటిసారి వంటింట్లో పనికొచ్చింది.

పాపకు నెమ్మదించగానే మా అత్త మునిరత్నమ్మ కుండలకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది.

"గంగమ్మతల్లే వచ్చి కూసోనుండాది. ఇంక దీన్ని ఎవురూ కదిలించగూడదు!"

కొన్నాళ్లకు నీళ్లు వాసన కొట్టసాగాయి. పాప మళ్లీ పడకేస్తుందని నాకు భయం. ఇసుక కడుగుదామని సంచి మీద చెయ్యి వేశాను.

"ఇంత సదువు సదివి, అమ్మవారిని పెరుకుతావా?"

సైన్సు చెబితే వినే మనిషి కాదు.

"అత్తా, కొండమీద సామికే శుక్రవారం అభిషేకం చేస్తారు. మరి ఈ తల్లికి వద్దా?"

అత్త గబగబా చెంపలేసుకుంది.

"అవును గదే! ఇన్నినాళ్లూ తల్లిని మురికిలో కూసోబెట్టినావే, పాపిష్టిదానా!"

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఇసుకా బొగ్గులూ అత్తే కడుగుతుంది. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వదు. నాకు శుభ్రం తెలియదట.