పొడుగు బండి బేరం

వరప్రసాద్ తన కారు అమ్మకానికి పెట్టి మూడు నెలలైంది. పదమూడు మంది వచ్చి చూశారు. పదమూడు మందినీ ఆయనే తరిమేశాడు. ఇంట్లో మాత్రం "ఏం చేయను సుందరీ, ఈ రోజుల్లో కొనేవాడెక్కడున్నాడు?" అని మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు. ఎంత నటన! సినిమావాళ్ల మధ్య పాతికేళ్లు తిరిగినందుకు ఆ మాత్రం అబ్బకపోదు.

ముందు ఆ కారు సంగతి చెప్పుకోవాలి. అది జర్మన్ వ్యాగన్. ముందు నుంచి చూస్తే మామూలు కారే. పక్కకి వచ్చి చూస్తేనే తెలుస్తుంది, ఎంతకీ అయిపోదు. జూబ్లీహిల్స్‌లో ఆయనుండే అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ మొదలుకుని అందరూ దాన్ని అంబులెన్స్ అనే పిలుస్తారు. పదకొండేళ్ల కిందట కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు నడుపుకున్నాడా, లేదు. పెద్ద టర్బో వేయించాడు. బ్రేకులు మార్పించాడు. సైలెన్సర్ కోయంబత్తూరులో చేయించి తెప్పించాడు. ఉన్న స్ప్రింగులు పీకించి, రేసు కార్లకి వేసే గట్టి స్ప్రింగులు బిగించి, బండిని నేలకి రెండంగుళాలు దించాడు. ఐదువేల కిలోమీటర్లకోసారి ఆయిలు మార్చాల్సిందే. ప్రతి బిల్లూ ఫైల్లో ఉండాల్సిందే. ఆ ఫైలు ఆయన పెళ్లి ఆల్బమ్ కంటే లావుగా, దాని కంటే శుభ్రంగా ఉంటుంది.

ఫిల్మ్‌నగర్‌లో ఆయన పని సౌండ్ ఎఫెక్ట్స్. తెర మీద తలుపు మూసుకున్నా, చెంప పగిలినా, కారు దూసుకుపోయినా ఆ చప్పుడు ఆయన చేతి మీదుగా వచ్చిందే. అందుకే ఆ చెవికి అంత పొగరు. మెకానిక్ బోనెట్ ఎత్తకముందే "ఎడమవైపు రెండో బోల్టు వదులైంది చూడు" అనేవాడు. చూస్తే నిజంగానే వదులై ఉండేది.

ఇలాంటి కారుని అమ్మాల్సిన ఖర్మ ఎందుకు పట్టిందంటే, భార్య బాలాత్రిపురసుందరి నడుము. ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమాల్లో కొడుకు కోసం ఏడ్చే తల్లుల్లో సగం మంది గొంతు ఆవిడదే. రోజూ పొద్దున్నే ఆ కార్లోనే డబ్బింగ్ థియేటరుకి వెళ్తుంది. ఏడాది కిందట డిస్కు జారింది. బంజారాహిల్స్ డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏ కార్లో తిరుగుతారమ్మా?" అని అడిగి, స్వయంగా కిందికొచ్చి దాన్ని రెండు చేతులతో నొక్కి చూశాడు. అది వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఆయన మందుల చీటీ మీద మొదటి మందుగా "ఈ కారు అమ్మండి" అని రాశాడు.

"పోనీ మెత్త స్ప్రింగులు వేయించండి, సీటు కాస్త ఎత్తు చేయించండి, నేను ఎక్కలేకా దిగలేకా చస్తున్నాను" అంది సుందరి. ఆ మాటకి ఆయన మనసు గాయపడింది. మెత్త స్ప్రింగులు వేశాక ఇక అది ఆ కారెలా అవుతుంది? అంతకంటే అమ్మేయడమే మర్యాద అన్నాడు. అమ్ముతానని మాట కూడా ఇచ్చాడు.

ఇచ్చాక మొదలైంది తరమడం. ఒకాయన మైలేజీ ఎంతిస్తుందని అడిగాడు. అంతే, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశాడు. ఇంకొకాయనకి క్యాటరింగ్ వ్యాపారం, వెనకాల బిర్యానీ డేగిశాలు ఎన్ని పడతాయో చేత్తో కొలుచుకున్నాడు. వెంగళరావు నగర్ నుంచి నవీన్ అని ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడొచ్చినప్పుడు మాత్రం వరప్రసాద్‌కి గుండె ఆగినంత పనైంది. ఆ కుర్రాడికి అన్నీ తెలుసు. చక్కగా నడిపాడు, ఫైలు మొత్తం చదివాడు, దణ్ణం కూడా పెట్టాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఈయన చెమటలు కక్కుతుంటే, వెళ్తూ వెళ్తూ "ఒంటికి మొత్తం ఆరెంజ్ స్టిక్కర్ వేయిస్తా అంకుల్" అన్నాడు. హమ్మయ్య, వంక దొరికింది అనుకున్నాడు వరప్రసాద్.

చివరికి సుందరి ఓపిక నశించింది. "ఈ శనివారంతో సరి. ఆదివారం నుంచి నేను ఆటోలో పోతాను. నవ్వకండి, మీ బండి కంటే ఆటో స్ప్రింగులే నయం" అంది. ఆయన నవ్వలేదు. ఆవిడ ఆ మాట అనేటప్పుడు నడుము మీద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

శుక్రవారం జగదీశ్ వచ్చాడు. బోరబండ మనిషి, ఏదో పెద్ద సినిమాకి ప్రొడక్షన్ మేనేజర్. బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. బోనెట్ ఎత్తమనలేదు, నడిపి చూస్తాననలేదు. జేబులోంచి టేపు తీసి ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాడు. పక్క నుంచి నాలుగు ఫోటోలు తీసుకున్నాడు.

"మస్తుంది సార్. మీరు చెప్పిన రేటే ఖాయం. బేరం గీరం ఏం లేదు."

వరప్రసాద్ పొంగిపోయాడు. ఇన్నాళ్లకి ఒక పెద్దమనిషి! చెయ్యి కలిపేశాడు. బాల్కనీలోంచి సుందరి కూడా చూసింది.

"కాగితాలకు రేపొస్త సార్" అన్నాడు జగదీశ్. "మా ఫైట్ మాస్టర్ పొడుగు బండే కావాలన్నడు. గాల్లకు లేసినప్పుడు మంచిగ కనవడ్తదంట."

"గాల్లోకి లేవడమేంటయ్యా?"

"క్లైమాక్స్‌ల పేలుస్తం గద సార్. విలన్ బండి."

వరప్రసాద్ మెట్ల మీద కూలబడ్డాడు. "ఇది... దీన్ని పేలుస్తావా? నిన్ననే ఆయిలు మార్పించానయ్యా!"

"ఫికర్ చెయ్యకున్రి సార్. ఇప్పటికి ఇరవై రెండు బండ్లు పేల్పిచ్చిన. ఒక్కటి గూడ రెండో టేకు అడగలే."

ఆ సాయంత్రం పరువు పక్కన పెట్టి నవీన్‌కి ఫోన్ చేశాడు. "వేరే బండి తీసుకున్నా అంకుల్, ఆరెంజే" అన్నాడు నవీన్. సుందరి దగ్గరకెళ్లి గోల పెట్టాడు. ఆవిడ పడుకున్నచోట నుంచి కదలకుండా, "పేలిస్తే పేల్చుకోనీండి. నా నడుముని రోజూ పేలుస్తూనే ఉంది" అంది.

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఆ జగదీశ్ ఇంజను చప్పుడు వినలేదు, అందుకే పేలుస్తానంటున్నాడు. వింటే మనిషన్నవాడికి చేతులొస్తాయా? శనివారం పొద్దున సుందరిని థియేటరులో దింపే దారిలోనే రికార్డు చేద్దామని బోనెట్ కింద ఒక మైకు, సీటు కింద ఒక మైకు కట్టాడు.

"దారిలో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, రికార్డింగ్" అని మరీ మరీ చెప్పాడు. ఆవిడ ఒక చూపు చూసి, పెదవులు బిగించుకుని ఎక్కింది. దిగేదాకా పెదవి విప్పలేదు. పాపం మాట నిలబెట్టుకుంది అని ముచ్చటపడ్డాడు కూడా.

మధ్యాహ్నం జగదీశ్ కాగితాలు పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. వరప్రసాద్ అతన్ని పెద్ద స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి, లైట్లు తగ్గించి, వాల్యూమ్ పెంచాడు. అబ్బ, ఏం చప్పుడు! చెక్‌పోస్టు ఎత్తు ఎక్కుతుంటే టర్బో ఈల వేసింది. మలుపులో గేరు దిగితే సైలెన్సర్ గుర్రుమంది. వరప్రసాద్ కళ్లు మూసుకుని, జగదీశ్ ఏడుపు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఇంజన్ జబర్దస్తుంది సార్" అన్నాడు జగదీశ్. "గా ఆడమనిషి ఎవరు?"

"ఆడమనిషా? ఎవరూ మాట్లాడలేదే."

"మాట్లాడుడు గాదు. జర ఎనకకు పోన్రి... గిదో, ఇక్కడ. ఇనవడ్తలేదా?"

వరప్రసాద్ వెనక్కి తిప్పాడు. స్పీడ్ బ్రేకర్. ముందు చక్రాలు దిగిన టకీమన్న చప్పుడు. దాని వెనకే, పళ్ల మధ్య నలిగిపోయి, చాలా చిన్నగా, "అమ్మా".

ముందుకి జరిపాడు. ఇంకో స్పీడ్ బ్రేకర్. "అమ్మా." ఒక గుంట. "అమ్మా." ఫిల్మ్‌నగర్ వరకు మొత్తం పద్దెనిమిది. మాట్లాడొద్దన్నాడు గనక ఆవిడ గట్టిగా అనలేదు. ఆపుకోవాలని చూసింది, ఆపుకోలేకపోయింది.

ఆ చప్పుడు ఆయనకి కొత్త కాదు. అదే ఆయన్ని దెబ్బతీసింది. పోయిన ఏడాది ఒక సినిమా కోసం ఈ బండి చప్పుడు రికార్డు చేసినప్పుడు కూడా ఇది అడ్డొచ్చింది. పక్క సీటు కిర్రుమంటోందనుకున్నాడు. షెడ్డుకి తీసుకెళ్లి సీటుకి గ్రీజు పెట్టించాడు. ఆ బిల్లు కూడా ఫైల్లో ఉంది. వదులైన బోల్టు వినబడిందిరా నీకు, పెళ్లాం మూలుగు సీటు చప్పుడులా వినబడిందా, అని తనని తానే తిట్టుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"పాపం, ఎవరు సార్ గామె? హాస్పిటల్‌కు తీస్కపోతున్నరా?" అన్నాడు జగదీశ్.

"మా ఆవిడయ్యా."

జగదీశ్ కాగితాలు పక్కన పెట్టి, "సార్, గీ బండి మీకు గంత పానమైతే నేను ఇంకో బండి చూస్త. మాటిచ్చినమని మొహమాటపడకున్రి" అన్నాడు.

వరప్రసాద్ కాగితాల మీద సంతకాలు గీకేసి తాళాలు బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు పేలుస్తున్నారు?"

"మంగళవారం."

"మేమిద్దరం వస్తాం."

మంగళవారం ఊరి బయట షూటింగ్. సుందరి కోసం ఎత్తు కుర్చీ, నడుముకి దిండు వరప్రసాద్ స్వయంగా మోసుకొచ్చాడు. జగదీశ్ ఆవిణ్ణి చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. బండిని తుడిచి మెరిపించి మైదానం మధ్యలో నిలబెట్టారు. పదకొండేళ్లలో అంత అందంగా ఎప్పుడూ కనబడలేదనిపించింది ఆయనకి. సుందరి ఆయన చెయ్యి పట్టుకుంది, ఓదార్చడానికే అనుకున్నాడు. తీరా చూస్తే ఆవిడ మెడ సాచి ముందుకు వంగి ఉంది. ఏడాదిగా వంగని మనిషి!

మాస్టర్ మూడు అంకెలు లెక్కపెట్టాడు. భూమి దద్దరిల్లింది. పొడుగు బండి నిజంగానే గాల్లోకి లేచి, ఫైట్ మాస్టర్ చెప్పినంత అందంగానూ తిరిగి, ముక్కలై కిందపడింది. వరప్రసాద్ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. యూనిట్ అంతా ఊపిరి బిగబట్టి డైరెక్టరు వైపు చూస్తోంది. ఓకే అన్నాడాయన.

తల్లి పాత్రల ఏడుపు గొంతు కాదు, ఇన్నేళ్లలో ఏ సినిమాకీ వాడని లేత గొంతుతో సుందరి అడిగింది, "జగదీశ్ గారూ, వన్ మోర్ లేదా?"