సున్నా వేయాలన్నా

తువ్వాలు స్నానాల గది తలుపు వెనక కొక్కేనికే ఉంది. అయినా ఆయన "తువ్వాలు" అని కేకేశాడు, ఆమె పెరట్లో కుర్చీలోంచి లేచింది. ఆ పొద్దున లేవడం అది నాలుగోసారి. మొదటిసారి పాలు పొంగుతున్నాయని అత్తగారు పిలిచింది. రెండోసారి ఎవరో తలుపు కొడుతున్నారని మళ్ళీ ఆవిడే. మూడోసారి ఫోను చార్జరు కనబడలేదని ఆయన. ఈసారి తిరిగొచ్చేసరికి కుర్చీలో పెట్టిన కాగితం ఎగిరి మొక్కల్లో పడింది.

ఆమె ఒక బళ్ళో గుమాస్తా. ఆ కాగితం అక్కడి సైన్సు టీచరు ఇచ్చింది. ఏటా వేసవిలో ఊరంతా ఎవరి పెరట్లో వాళ్ళు సీతాకోకచిలుకల్ని లెక్కపెడతారు. ఒక్కచోట పావుగంట కూర్చోవాలి, కనబడినవి రాయాలి. మధ్యలో లేస్తే ఆ లెక్క చెల్లదు, మళ్ళీ మొదటికే. "పావుగంటేగా మేడమ్, ఎంతసేపు" అంటూ గొప్పగా అందుకుంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో తనదంటూ ఒక్క పావుగంట లేదని అప్పటికి ఆమెకే తెలియదు.

ఇంట్లో చెప్పినప్పుడు ఆయన పేపరు దించకుండానే నవ్వాడు. "సీతాకోకచిలుకలు లెక్కపెడుతుందట. ముందు వంటింట్లో చెంచాలు లెక్కపెట్టమను, రెండు తగ్గాయి." అత్తగారు నవ్వలేదు, ఆవిడది నిజమైన బెంగ. "పనీపాటా లేనిదానిలా పెరట్లో కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

వారం రోజులు ప్రయత్నించింది. మహా అయితే ఆరు నిమిషాలు కూర్చోగలిగింది. చివరి రోజు, ఖాళీ కాగితం ఇవ్వడానికి మొహం చెల్లక, వెనక అచ్చువేసిన బొమ్మలు చూసి అంకెలు వేసేసింది. పసుపువి నాలుగు, తెల్లవి ఆరు. అన్నీ మామూలువే అయితే అనుమానం వస్తుందేమోనని, రెక్కల మీద నీలం పట్టీ ఉన్న అందమైనది ఒకటి.

కాగితం ఇచ్చేసిన మూడోరోజు టీచరు ఫోను చేసింది. "నీలం పట్టీది మీ పెరట్లోకి వచ్చిందా? పదేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఎవరికీ కనబడలేదండీ. రేపు పొద్దున్నే వస్తా. మీలాంటివాళ్ళు ఓపిగ్గా కూర్చోబట్టే ఈ పని నడుస్తోంది."

ఓపిగ్గా కూర్చోబట్టే. ఆమెకి తల కొట్టేసినట్టయింది. బళ్ళో హాజరు పట్టీలో ఒక్క అంకె తప్పు పోనివ్వని మనిషి, ఇంత అబద్ధం ఎంత సులువుగా రాసేసింది? చెయ్యి తిరిగిన పనిలా రాసింది. చెయ్యి తిరిగిన పనే మరి. అమ్మ ఫోను చేసి "తిన్నావా" అంటే, తినకముందే "తిన్నాను" అంటుంది. నడుం నొప్పి ఎలా ఉందంటే "తగ్గిపోయిందమ్మా." ఆయన ఎప్పుడో ఒకసారి "అలిసిపోయావా" అంటే "అబ్బే, లేదండీ." ఖాళీ గడి కనబడితే చాలు, ఎదుటివాళ్ళకి నచ్చేది నింపేస్తుంది. అబద్ధం రాసినందుకు సిగ్గేసింది. పావుగంట కూర్చోలేకపోయానని చెప్పుకోవాలంటే ఇంకా సిగ్గేసింది.

మర్నాడు టీచరు కెమెరా మెడలో వేసుకుని వచ్చింది. "ఏ వైపు కనబడిందండీ?"

"కనబడలేదు మేడమ్. నేను ఏదీ చూడలేదు. బొమ్మలు చూసి రాశాను."

టీచరు మొహం మాడిపోయింది. "నేను పైకి పంపేశానే. ఎందుకండీ? ఏమీ రాకపోతే సున్నా వేసినా లెక్కేగా."

"సున్నా వేయాలన్నా పావుగంట కూర్చోవాలి కదా మేడమ్."

టీచరు ఓదార్చలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, సంచీలోంచి కొత్త కాగితం తీసి ఇచ్చింది. "పాతది కొట్టేయమని నేను చెప్పుకుంటాను. ఈసారి ఉన్నదే రాయండి" అని వెళ్ళిపోయింది.

ఆమె గడియారం చూసుకుని కూర్చుంది. నాలుగో నిమిషంలో లోపలినుంచి కేక వచ్చింది. "ఇదిగో, తువ్వాలు." మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. కాగితంలో 'లెక్క ఆగిపోతే కారణం' అని ఒక గడి ఉంది, పక్కన వాన, గాలి అని ఉదాహరణలు. అందులో "తువ్వాలు" అని రాసింది. రాసింది చదువుకుంటే చెవులు వేడెక్కాయి. అంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

ఆ మాట కొట్టేసింది. "తలుపు వెనక కొక్కేనికే ఉందండీ" అంది, కూర్చున్న చోటునుంచే.

"వినబడలేదా, తువ్వాలు."

ఆమె మొక్కల వైపు చూస్తూ ఉంది. పావుగంట గడిచింది. ఒక్కటీ రాలేదు. ఆమె శ్రద్ధగా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టింది.