స్పాంజిలో మురికి

దొరగారు నీళ్ల పైకి తేలి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మళ్లీ తెరుస్తున్నాడు.

దొరగారంటే నా గోల్డ్‌ఫిష్. అరచేతి పొడవు, బానపొట్ట, తిండి ఆలస్యమైతే అద్దాన్ని ముక్కుతో పొడిచే పొగరు. పెళ్లికి ముందు నుంచీ నా దగ్గరే ఉన్నాడు. నా పుట్టింటి మనిషని మా ఆయన వేళాకోళం చేస్తాడు. ఆ మనిషి ఇప్పుడు ఊపిరికి కొట్టుకుంటున్నాడు. మొప్పలు ఎర్రగా కందిపోయాయి.

పరీక్ష గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాను. పసుపుపచ్చగా ఉండాల్సినవి చూస్తుండగానే ముదురాకుపచ్చకు తిరిగాయి. అమ్మోనియా! గొట్టాన్ని సింకులో పడేశాను.

తొట్టి మాత్రం తళతళా మెరుస్తోంది. నాకు అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, తొట్టి ముట్టుకున్నారా?"

మా అత్తగారు కడిగిన గిన్నెను మళ్లీ కడిగి గాని వాడరు. కింది వాటా ఆవిడ గుమ్మం ఊడవదని పోట్లాడి మాటలు మానేశారు. ఆ కిందావిడకీ చేపలున్నాయి. ఆ పాచిపట్టిన తొట్టి తలుచుకుంటేనే మా అత్తగారికి ఒళ్లు జలదరిస్తుంది.

"మొన్న నువ్వు ఆఫీసుకెళ్లాక కడిగానే. నీ చేప ఫిల్టర్లో స్పాంజి ఎంత మురికనుకున్నావ్! బ్లీచింగ్ పౌడరేసి కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేశా."

నాకు ఒళ్లు మండింది. "అది ఉత్త మురికి కాదత్తయ్యా! చేప వదిలే అమ్మోనియాని తినే సూక్ష్మజీవులుంటాయి అందులో. వాటన్నిటినీ చంపేశారు. ఇప్పుడు వాడు వదిలిన విషం వాడినే చంపుతోంది."

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయితే నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోద్దామే!"

"అన్నీ ఒక్కసారి మారిస్తే తట్టుకోలేడు."

కుళాయి నీళ్లలో క్లోరిన్ విరిచే మందు కలిపి, కొద్దికొద్దిగా మార్చాను. దొరగారు పక్కకు ఒరిగాడు. భయంతో ఏడుపొచ్చేసింది.

"ఇది ఇప్పటి మట్టుకే, అత్తయ్యా. వాడు విషం వదులుతూనే ఉంటాడు. ఆ జీవులు మళ్లీ పెరగాలంటే వారాలు పడుతుంది. ఎవరి తొట్టిలోదైనా పాత స్పాంజి దొరికితే తప్ప..."

నా మాట పూర్తికాకముందే అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగారు. కింది తలుపు దబదబా బాదిన చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు.

"అమ్మా, నీ తొట్టిలో మురికి స్పాంజి ఒకటివ్వవూ? కడగొద్దు, అలాగే ఇయ్యి. నీకు దణ్ణం పెడతా. మా చేప చచ్చిపోతోంది."

మా చేప అన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

దోసిట్లో నల్లటి స్పాంజిని పసిబిడ్డలా పట్టుకొచ్చారు. మోచేతుల దాకా జిగట కారుతోంది. దాన్ని ఫిల్టర్లో పెట్టి మోటారు వేశాను. ఇద్దరం తొట్టి ముందు కూలబడ్డాం. దొరగారి మొప్పలు ఆడుతున్నాయి. ఆగుతున్నాయేమోనని ప్రతిసారీ నా ఊపిరి ఆగుతోంది.

"చేతులు కడుక్కోండి, అత్తయ్యా."

"ఉండవే. ముందు వాడు కిందికి దిగనీ."

ఆవిడ అరచెయ్యి అద్దానికి ఆనించారు. పాచి మరక పడింది. తుడవలేదు.