పిండి పులిసేదాకా

మా మీది అంతస్తు విద్యావతి లిఫ్టు ముందర నిలబడి అన్నదట: "స్నేహలత నసీబు జూడు. రిటైరైనంక మొగుడు దీవికి తోల్కపోతున్నడు. మావోడు ఇన్నేండ్లల్ల నన్ను చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటియ్యలే." ఈ ముచ్చట మా ఇంట్లో గిన్నెలు తోమే కొండమ్మ నాకు మోసుకొచ్చింది. చెప్పి, చేతిలోని పీచు ఆపి, "దీవంటే సుట్టూత నీళ్ళేనట గదమ్మా. మరి గాడ వంటెవరు జేస్తరు?" అని అడిగింది.

నేను అప్పుడు ఆ దీవి కోసమే ఉప్మారవ్వ వేయిస్తున్నాను. నేను, మా ఆయన, అత్తమ్మ కలిసి చేసే ప్రయాణం ఇంకా చాలా దూరం ఉంది, వీసాలే రాలేదు. అయినా నిలవ ఉంటుందో లేదో ముందుగా ఒక వాయి చేసి చూడమని మా అత్తమ్మ హుకుం. పక్కన స్టీలు డబ్బాలో కందిపొడి చల్లారుతోంది. పులిహోర గుజ్జు సీసాకెక్కి మూత బిగించుకొని కూర్చుంది. కొండమ్మ మాటకు నా చెయ్యి ఆగింది కాబోలు, రవ్వ అడుగున కొంచెం మాడింది.

ఆ దీవి పేరు మాల్టా, పోదామన్నది మొదట నేనే. ఎప్పుడో ఫోన్‌లో ఆ ఊరి గోడలు చూశాను. పసుపు రాయి. మాది తాండూరు దిక్కు. మా నాయన బండల పాలిష్ మిషన్ మీద పనిచేసినవాడు. మా ఇంటి ముందు అట్లాంటి బండలే పరిచి ఉండేవి. ఎండాకాలం పొద్దుగూకుతుంటే అమ్మ వాటి మీద నీళ్ళు చల్లి, కాళ్ళు చాపుకొని కూర్చునేది. రోజు మొత్తంలో అమ్మ ఊరికే కూర్చోగా నేను చూసింది ఆ కాసేపే. ఒక ఊరికి ఊరే ఆ రాయితో కట్టుకొని సముద్రం ముందర పెట్టుకున్నారంటే, పోయి అక్కడ నేనూ కాళ్ళు చాపుకోవాలనుకున్నాను. ఇంతకుమించి పెద్ద కోరికేం కాదు.

మా ఆయన రాజేందర్ నాంపల్లిలో సర్కారు ఆఫీసు సూపరింటెండెంటుగా చేసి మొన్ననే రిటైరయ్యాడు. ఆయన లెక్కలో మాల్టాకు ఒక్క రాత్రి. "సముద్రం మధ్యల రాళ్ళ గుట్ట. గాడ ఏం జూస్తం? రోమ్ జూసి, అటెల్లి ఒక పూట పండి వాపస్ వద్దాం" అన్నాడు. సరే, ఒక్క పూటైనా దక్కింది కదా అనుకున్నాను.

శనివారం నాడు ఆబిడ్స్‌లో ట్రావెల్స్ ఆఫీసుకు పోయాం. బల్ల అవతల మృదుల అనే పిల్ల కూర్చొని ఉంది. "హోటలా సార్, అపార్ట్‌మెంటా?" అని అడిగింది.

"అపార్ట్‌మెంటంటే వంటిల్లుంటదా?"

"ఉంటది సార్. స్టవ్వు, ఫ్రిజ్, గిన్నెలు, అన్నీ."

మా ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. "గట్లైతే మాల్టాల అయిదు రాత్రులు జెయ్యి బిడ్డా. రోమ్‌ల రెండు చాలు. బ్రెడ్డు తిని ఎన్నొద్దులుంటం? గాడైతే అమ్మకు ఇంత పప్పు, చారు. ఆరాంగ ఉండొచ్చు."

మృదుల నా దిక్కు తిరిగి, "మీకు ఓకేనా ఆంటీ?" అంది.

"ఆంటీకింకేం గావాలె? దీవి గావాలన్నది, దీవి దొరికింది" అని మా ఆయనే చెప్పి నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

తిరుగు ఆటోలో కూర్చున్నాక, రాళ్ళ గుట్ట ఇంతలోనే ఆరాం ఎట్లా అయిందో అర్థమవుతూ ఉంది. నా చెయ్యి ఎన్ని రోజులు ఆడితే వీళ్ళ షికారు అన్ని రోజులు సాగుతుంది. ఆ వంటింటి కిటికీ అవతల సముద్రం ఉంటుంది, కాదనను. అంట్లు తోముతూ చూడాలి.

ఎన్ని రోజులుండాలనేది నా చేతిలో ఎన్నడూ లేదు. పెండ్లయిన కొత్తలో తల్లిగారింటికి పోతానంటే మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ ఇన్ని రోజులని చెప్పేది కాదు. "దోశ పిండి రుబ్బి పెట్టి పో బిడ్డా, పులిసే లోపట రా" అనేది. ఆమె దృష్టిలో అది మంచి మాటే. ఆమెకు వాళ్ళ అత్త ఆ మాత్రం కూడా ఇవ్వలేదట. ఎండాకాలం పిండి తొందరగా పులుస్తుంది కాబట్టి నా తల్లిగారి రోజులు ఎండాకాలం తక్కువ, చలికాలం కొంచెం ఎక్కువ. మా ఇంటికి మొదటిసారి ఫ్రిజ్ వచ్చిన నాడు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేను. ఎందుకో ఎవరూ అడగలేదు.

అమ్మ పోయిందని ఫోన్ వచ్చిన పొద్దున కూడా పిండి రుబ్బి ఉంది. అట్లాగే ఫ్రిజ్‌లో తోసి పరుగెత్తాను. దినాలు కాకముందే మా ఆయన ఫోన్ చేశాడు. "పిండి పొంగి ఫ్రిజ్ అంత కారింది స్నేహా. ఒకటే వాసన. అమ్మకు వంగ రాదు. ఎప్పుడొస్తున్నవ్?" పక్కనే కూర్చున్న మా తమ్ముడు అంజన్ ఆ మాట విని తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కాను. ఇంటికొచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా ఫ్రిజ్ కడిగాను. అమ్మ పెద్దదినానికి చుట్టంలా పోయి, చుట్టంలా భోంచేసి వచ్చాను. ఆమె కూర్చునే బండల మీద ఒక్క సాయంత్రమైనా కూర్చోలేదు.

బుధవారం పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన అన్నాడు: "ట్రావెల్స్ మీ ఆఫీసు పక్కకే గదా. లంచ్‌ల పోయి అయిదు రాత్రులని ఖాయం జేసి రా." నేను గన్‌ఫౌండ్రీలో ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కుని. నా టిఫిన్ డబ్బా తెరవకుండానే నడుచుకుంటూ ఆబిడ్స్ పోయాను.

మృదుల స్క్రీన్ నావైపు తిప్పింది. తెల్లటి వంటిల్లు, దానికో కిటికీ, కిటికీలో నీలంగా ఇంత సముద్రం. "కన్ఫర్మ్ చెయ్యాలా ఆంటీ?"

"పొయ్యి లేని రూములుంటయా బిడ్డా?"

ఆ పిల్ల నన్నోసారి చూసింది. "హోటళ్ళున్నాయి. చిన్న రూములు. ఫ్రిజ్ కూడా ఉండదు. కెటిల్ ఒకటి ఉంటది."

"చాయ్ వరకైతే పర్వాలేదు."

"ఎన్ని రోజులకు?"

ఆ ప్రశ్న నన్ను చూసి అడిగినవాళ్ళు లేరు. ఇన్నేండ్లు నా సెలవులన్నీ అత్తమ్మ మోకాలి ఆపరేషన్‌కు, పిల్లల పరీక్షలకు, ఆడపడుచు కాన్పులకు పోయాయి. ఈసారి రాసిన సెలవు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

"వాళ్ళిద్దరికి రెండు రాత్రులు" అన్నాను. "నాకు, నా సెలవు అయిపోయేదాక."

సాయంత్రం ఇంటికి పోయే తోవలో మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగిపోయాను. సీతాఫలం ఐస్‌క్రీం తీసుకొని, నిలబడకుండా, కుర్చీ వెతుక్కొని కూర్చున్నాను. సగం కాకముందే ఫోన్ మోగింది. "ఏడున్నవ్? అమ్మ ఆకలంటున్నది. ఎంత సేపైతది?" చెంచా కప్పులోనే ఉంచి, "అయినంక వస్త" అని చెప్పి, పండు ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంటూ కప్పు ఖాళీ చేశాను.

అన్నాల దగ్గర నేను కూడా కంచం పెట్టుకొని వాళ్ళతోపాటే కూర్చున్నాను. అత్తమ్మ నా కంచం దిక్కు చూసింది.

"అయిందా?" అన్నాడు మా ఆయన.

"అయింది. హోటల్. ముగ్గురం రెండు రాత్రులుంటం. మూడో నాడు మీరిద్దరు వాపస్."

"మరి నువ్వు?"

"నేనుంట."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "వంటిల్లున్న ఇల్లేమైంది?"

"వద్దని జెప్పిన."

"అమ్మ ఏం తింటది గాడ?"

"పండ్లు, పెరుగు, బ్రెడ్డు. ఆపరేషనప్పుడు దవాఖానల గవే తిన్నది. మంచిగనే ఉన్నది."

"నన్నడగకుంట ఎట్ల మారుస్తవ్?"

"మీరు నన్నడిగి అయిదన్నరా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచకపోతేనే నాకు ఎక్కువ భయం. "విద్యావతక్కకు తెలిస్తే ఏమంటది? మొగున్ని పంపిచ్చి ఆడిది ఒక్కతే దీవిల కూసున్నదంటది."

"ఏమన్నా కొండమ్మ మోసుకొస్తది తియ్యున్రి, ఇద్దరం విందాం."

కంచం ముందుకు నెట్టాడు. చారు ఒలికి బల్ల అంచుదాకా పారింది. గుడ్డ కోసం లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. చారు చుక్క చుక్కగా కింద బండ మీద పడుతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం, ఎవరూ లేవలేదు.

అత్తమ్మ వేళ్ళు తుడుచుకుంటూ అడిగింది. కోపంగా కాదు. నా పెండ్లయిన కొత్తలో "పులిసే లోపట రా" అన్న అదే గొంతుతో.

"ఎన్నొద్దులుంటవే?"

"ఈసారి పిండి రుబ్బి పెట్టి పోతలేనత్తమ్మా."