నూకరాజు గొంతు నా సాకెట్‌లో ఉన్న పూట

నేను ఒక చిప్ ప్రోగ్రామర్‌ని. చూడడానికి నల్లటి చిన్న పెట్టెని. నెత్తిన ఒక సాకెట్, దాని పక్కన ఒక మీట, వెనక కంప్యూటర్‌కు కలిపే తీగ. చిప్‌ని సాకెట్‌లో పెట్టి మీట బిగిస్తే అందులో ఏముందో చదివి చెబుతాను. రాయమంటే రాస్తాను. చెరపమంటే ఎందుకని అడక్కుండా చెరిపేస్తాను. మనుషులకు నామీద కాస్త భయం ఉందంటే అది ఈ మూడో పని వల్లే.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ ఒకమ్మాయి నన్ను పరీక్షించి, పచ్చ కాగితం అంటించి, పెట్టెలో పడుకోబెట్టింది. మళ్లీ వెలుతురు చూసింది విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, మేడమీద ఉన్న సన్యాసిరావు రిపేరు షాపులో. ఆయన టీవీల బోర్డులు, వాషింగ్ మెషీన్ల బోర్డులు బాగుచేసేవాడు. తెచ్చిన రోజునే నాకు పసుపూ కుంకుమా పెట్టాడు. కుంకుమ సాకెట్‌లోకి జారి మర్నాడే నేను మొరాయించాను. ఆయన నన్ను అమ్మినవాణ్ణి తిట్టాడు గాని కుంకుమను ఒక్క మాట అనలేదు.

కొన్నాళ్లకు ఒక శిక్షణ సంస్థ వాళ్లు అడిగితే అరువిచ్చాడు. అక్కడ నేర్చుకునేవాళ్లు చిప్‌లను తిరగేసి పెట్టేవారు. వంకర కాళ్ల చిప్‌లను బలవంతంగా దూర్చేవారు. పొగ వస్తే అందరూ నావైపే చూసేవారు. అలా అలిసిపోయి తిరిగొచ్చేసరికి, సన్యాసిరావు అన్న కూతురు గౌరీశ్వరి పాలిటెక్నిక్ చదువు ముగించి షాపులో పనిచేస్తోంది.

ఒక ఉదయం ఒక ముసలి జంట మెట్లెక్కి వచ్చారు. ఆయన పేరు నూకరాజు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట పాడిన మనిషి. గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి మెడకు ఆనించి పట్టుకునే ఒక పరికరంతో మాట్లాడేవాడు. ఇప్పుడదీ మూగబోయింది. భార్య మసేనమ్మే విషయమంతా చెప్పింది. ఆమెకు షుగరు వల్ల చూపు లేదు.

"ఇది బాగయ్యేదాకా కాగితం మీద రాయించుకోలేరా అమ్మా?" అన్నాడు సన్యాసిరావు, ఆమె కళ్ల సంగతి ఇంకా గమనించక.

"రాత్తాడు బాబూ. నాకు కనపడద్దా? అరసేతిలో గీత్తాడు. అన్నమన్నా నీల్లన్నా నాకొకలాగే ఉంటాది."

నూకరాజు తలొంచుకున్నాడు. సంచిలోంచి రెండు పరికరాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి ఆయనది. రెండోది అలాంటిదే, ఆసుపత్రిలో పరిచయమైన ఒకాయనది, కిందపడి నుజ్జయింది. వాటిని తయారుచేసిన కంపెనీ మూతబడింది.

గౌరీశ్వరి రెండూ విప్పింది. ఆయన దాంట్లో చిప్ బాగానే ఉంది గాని, దానిలోని ప్రోగ్రామ్ చెరిగిపోయింది. నుజ్జయినదాంట్లో చిప్ ఒక్కటే బతికుంది. దాన్ని చదివి ఇందులో రాస్తే చాలు.

బతికున్న చిప్‌ని నాకిచ్చింది. చదివాను. మళ్లీ చదవమంది. చదివాను. రెండు చదువులూ కలవలేదు. మూడోది ఆ రెంటికీ కలవలేదు. చిప్ ఒక్కటే, అందులో ఉన్న మాటా ఒక్కటే. తడబడుతున్నది నేనే.

"ముసిల్దైపోనాది. ఒగ్గీ, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు సన్యాసిరావు.

"అది వచ్చీదాకా ఆళ్లేటి సేస్తారు బాబాయ్?"

"పోనీ, మొదట చదివిందే రాసీ. పలికితే పలుకుతాది."

"మెడకి పెట్టుకునేది బాబాయ్. తప్పుడుది రాయలేను."

ఆ ఒక్క చిప్‌కీ ఏమైనా అయితే మరో చోట దొరకదు. అందుకే దాన్ని తీసి ఒక మూతలో భద్రపరిచింది. పోయినా ఫర్వాలేని పాత చిప్ ఒకటి నా నెత్తిన పెట్టింది. తీగ మార్చింది. తడబడ్డాను. మధ్యలో ఉన్న ప్లగ్గుల పెట్టె తీసేసి నన్ను నేరుగా కంప్యూటర్‌కు తగిలించింది. అయినా అంతే. స్పిరిట్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో సాకెట్ తుడిచింది. ఆ చల్లదనానికి ప్రాణం లేచొచ్చింది గాని చదువు కుదరలేదు. చివరికి టార్చి వేసి, భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"ఒక స్ప్రింగు కిందికి దిగిపోయింది బాబాయ్. చిప్ కాలికి ఒకసారి తగుల్తంది, ఒకసారి తగలట్లేదు."

అంటే సాకెట్ పీకాలి. వేడి కాస్త ఎక్కువైతే కింద ఉన్న రాగి గీతలు లేచిపోతాయి, నేను తుక్కులోకి పోతాను. సన్యాసిరావు కొత్త సాకెట్ వెతికి తెచ్చి, నన్ను కదలకుండా పట్టుకున్నాడు. గౌరీశ్వరి ఒక్కొక్క కాలి దగ్గరా టంకం కరిగించి పాత సాకెట్ ఊడదీసింది. కొత్తది అతికించింది. ఎదర కూర్చున్న మసేనమ్మ "ఏటవుతోంది?" అని అడిగి, భర్త వేలు తన అరచేతిలో ఏదో గీస్తే, అర్థంకాకపోయినా తల ఊపింది.

పాత చిప్‌తో పరీక్షించింది. ఎన్నిసార్లు చదివినా ఒకటే జవాబు. అప్పుడు మూతలోని చిప్ తీసి, గుర్తు ఉన్న వైపు చూసి, నా నెత్తిన పెట్టింది. చదివాను. మళ్లీ చదివాను. అక్షరం తేడా లేదు. సన్యాసిరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక నూకరాజు చిప్‌లో రాశాను, రాసింది సరిచూశాను. గౌరీశ్వరి దాన్ని పరికరంలో బిగించి ఆయన చేతికిచ్చింది.

నూకరాజు పరికరాన్ని మెడకు ఆనించి నొక్కాడు. ముందు ఝుమ్మంది. తర్వాత పెదవులు కదిలాయి.

"మసేనా."

ఆమె వంటింట్లోంచి పలికినట్టే "ఏటయ్యా" అంది. అని, గట్టిగా ఊపిరి వదిలి, ఆయన భుజం పట్టుకుంది. "ఇక్కడ ఏటేటున్నాయో సెప్పు. వచ్చిన కాడ్నించీ అడుగుతన్నాను."

ఆయన చెప్పాడు. గోడ నిండా బోర్డులున్నాయన్నాడు. రిపేరు చేసిన పాప పచ్చ చుడీదార్ వేసుకుందన్నాడు, నవ్వుతోందన్నాడు. పాప వాళ్ల బాబాయ్ కళ్లు తుడుచుకుంటున్నాడని కూడా చెప్పేశాడు. సన్యాసిరావు చప్పున కిటికీవైపు తిరిగాడు.

"నీ గొంతు రాసిందేదీ?"

నూకరాజు ఆమె చేయి తెచ్చి నామీద పెట్టాడు. "ఇంతేనా?" అంది. "ఎచ్చగా ఉందే."

నామీద పడిన చేతులన్నీ ఏదో పెట్టడానికో, పీకడానికో వచ్చినవే. ఏ పనీ లేకుండా ఊరికే ఆగిన చేయి అదొక్కటే.

వాళ్లు మెట్లు దిగారు. గౌరీశ్వరి ముందు ఇంకో బోర్డు ఎదురుచూస్తోంది గాని ఆమె దాన్ని ముట్టుకోలేదు. కింద రోడ్డుమీదనుంచి ఆ ఝుమ్మనే గొంతు ఇంకా వినిపిస్తోంది. వస్తున్న బస్సు ఏ రంగుదో నూకరాజు భార్యకు చెబుతున్నాడు.